జపాను పోస్టరు కొనేముందు దాని అడుగు అంచు చూడండి

పాలకొల్లులో నాది పటాలు కట్టే కొట్టు. దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలు, దండ వేసే పెద్దవాళ్ల ఫోటోలు, ఇదీ నా వ్యాపారం. 2009 వానాకాలంలో ఓడల్లో ఇంజనీరుగా చేసే ఒకాయన చుట్ట చుట్టిన కాగితం ఒకటి తెచ్చి, దీనికి మంచి ఫ్రేము కట్టవయ్యా అన్నాడు. విప్పితే ఒక కుర్రాడు. నల్ల స్వెట్టరు మెడని నోటి మీదికి లాక్కున్నాడు, కళ్లు మాత్రం బయటికే ఉన్నాయి. పక్కన చేత్తో రాసిన జపాను అక్షరాలు. సినిమా ఫ్రాన్సుదట, పోస్టరు జపానుదట.

మా నాన్న టాకీసులో వాల్‌పోస్టర్లు అంటించేవాడు. సైకిలు హ్యాండిలుకి మైదా జిగురు బకెట్టు, వెనక క్యారేజీ మీద షీట్ల కట్ట. వారం తిరిగేసరికి దాని మీదే ఇంకోటి పడేది. మిగిలిన షీట్లతో మా పుస్తకాలకి అట్టలేసేది అమ్మ. పోస్టరుని దాచుకోవచ్చని నాకెప్పుడూ తట్టలేదు. ఆ కుర్రాణ్ణి చూశాక పట్టుకుంది పిచ్చి. ఇప్పుడు నా దగ్గర పెద్దవి పద్నాలుగు, చిన్నవి రెండు వందల పైచిలుకు ఉన్నాయి. 2022లో మన ట్రిపులార్ జపానులో ఆడాక దాని పోస్టర్లు తెప్పించుకున్న కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు, పాత యూరప్ సినిమాలవి ఎలా కొనాలండీ అని అడుగుతున్నారు. ఇదంతా వాళ్ల కోసమే.

ఆ కుర్రాడి బొమ్మ వేసినాయన హిసామిట్సు నోగుచి. 1909లో పుట్టి 1994లో పోయాడు. 1933లో టోవా కంపెనీలో చేరాడు. యూరప్ సినిమాలు జపానుకి తెప్పించడానికి నగమాస కవకిత 1928లో పెట్టిన కంపెనీ అది. నోగుచి వెయ్యి దాకా పోస్టర్లు వేశాడు, సినిమా పేరు కూడా తనే చేత్తో రాసేవాడు. ఆ సినిమా తీసిన ఫ్రెంచి దర్శకుడు త్రుఫోకి ఈ పోస్టరు ఎంత నచ్చిందంటే, 1962లో అదే కుర్రాడి కథని కొనసాగించినప్పుడు దాన్ని తెర మీద కూడా చూపించాడు. ఇంజనీరుగారు తెచ్చింది మాత్రం తర్వాత వేసిన కాపీ. ఆ సంగతి పోల్చుకునే చూపు నాకు రావడానికి మూడేళ్లు పట్టింది.

ముందు సైజులు. జపాను పోస్టర్లలో ఎక్కువగా దొరికేది బీ2, అంటే 515 × 728 మిల్లీమీటర్లు. మన కొట్టు లెక్కలో సుమారు ఇరవయ్యింపావు × ఇరవై ఎనిమిది ముప్పావు అంగుళాలు. బీ1 దానికి రెట్టింపు. రెండు బీ2లు ఒకదాని కింద ఒకటి అతికితే వచ్చే నిలువు పోస్టరుని టటేకాన్ అంటారు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ మన ఇళ్లలో దానికి గోడ దొరకదు. అన్నిటికంటే చిన్నది చిరాషీ. బీ5 సైజు, అంటే 182 × 257 మిల్లీమీటర్లు, హాల్లో ఉచితంగా పంచే కరపత్రం. దాని మీద చాలాసార్లు ఆ హాలు పేరు, తేదీ కూడా అచ్చువేసి ఉంటాయి.

మొదలుపెట్టడం చిరాషీలతోనే పెట్టండి. నేను ఒక్కొక్కదానికి నాలుగైదు వందలకి మించి పెట్టలేదు. ఒక ఏభై చిరాషీలు తిరగేస్తే అక్షరాల తీరు, కాగితం, కంపెనీ గుర్తులు చేతికి అలవాటవుతాయి. ఆ తర్వాతే బీ2 మాట.

వెతకడంలో పెద్ద చిక్కు పేరు. మన డబ్బింగ్ సినిమాలకి పేరు మార్చినట్టే వాళ్లూ మారుస్తారు. దాన్ని హోదాయ్ అంటారు. త్రుఫో సినిమాకి ఫ్రెంచిలో నాలుగు వందల దెబ్బలని పేరుంటే, జపానులో పెట్టిన పేరుకి అర్థం పెద్దవాళ్లకి మన బాధ తెలియదని. అసలు పేరు కొట్టి వెతికితే పది దొరికే చోట, హోదాయ్‌తో వంద దొరుకుతాయి. వికీపీడియాలో ఆ సినిమా పేజీ తెరిచి, భాష జపనీసుకి మార్చి, పైనున్న పేరు కాపీ చేసుకోండి. చదవడం రానక్కర్లేదు.

ఇక అసలు విషయం, పోస్టరు అడుగు అంచు. అందరూ హీరోయిన్ మొహం చూస్తారు, మీరు చీమతలంత అక్షరాలు చూడండి. నేను మొట్టమొదట కొన్న బీ2ని 1960 నాటిదని చెప్పి అమ్మారు. ఒక ఫ్రెంచి సినిమాది. నెల రోజుల బేరం ఆ డబ్బు. కొన్న ఏడాదికి ఇంకో పోస్టరు పక్కన పెట్టి చూస్తే తేడా తెలిసింది. నా దాని మీద కంపెనీ పేరు టోహో-టోవా అని ఉంది. టోవాకి ఆ పేరు 1975లో వచ్చింది. అంటే నాది మళ్లీ విడుదల చేసినప్పటి పోస్టరు. అమ్మినవాడికి తెలిసి అమ్మాడో తెలియక అమ్మాడో, నాకు రాత్రి అన్నం సయించలేదు.

పోల్చుకోవడం తేలికే. టోహో-టోవాలో నాలుగు అక్షరాలుంటాయి, మొదటిదీ మూడోదీ ఒకటే. ఆ అక్షరం చెట్టులో సూర్యుడు ఇరుక్కున్నట్టు ఉంటుంది, అర్థం తూర్పు. అది రెండుసార్లు కనబడితే 1975 తర్వాతిది. ఒక్కసారే ఉంటే పాతది కావచ్చు. మిగతా కంపెనీలకీ ఇలాగే పుట్టిన ఏడు రాసి పెట్టుకోండి. ఆర్ట్ థియేటర్ గిల్డ్ 1961లో మొదలైంది, 1962లో ఒక పోలిష్ సినిమాతో విడుదలలు మొదలుపెట్టింది. ఫ్రాన్స్ ఎయిగాషా 1968ది.

సినిమా తీసిన ఏడాదీ పోస్టరు ఏడాదీ ఒకటి కానక్కర్లేదు. యూరప్ సినిమా కాకపోయినా మనకి దగ్గరి ఉదాహరణ చెబుతాను. సత్యజిత్ రే పథేర్ పాంచాలీ 1955ది. జపానులో ఆర్ట్ థియేటర్ గిల్డ్ విడుదల చేసింది 1966లో. జపాను పోస్టరు 1955 నాటిదని ఎవరైనా అమ్మితే దండం పెట్టి వచ్చేయండి. ఏడాదిని షోవా లెక్కలో, అంటే అప్పటి జపాను చక్రవర్తి ఏలుబడి ఏళ్లలో, రాస్తే దానికి 1925 కలపాలి. షోవా 35 అంటే 1960.

అమ్మకం వివరాల్లో కొన్ని మాటలు తెలిస్తే చాలు. రిబైబారు అంటే మళ్లీ విడుదల. ఫుక్కోకు అంటే తర్వాత వేసిన కాపీ. షిమి మరక, అనా చిల్లు. మడతని ఒరే అంటారు, ఎవరో మనల్ని పిలిచినట్టే ఉంటుంది. పాత బీ2లకి మడతలుండటం మామూలే, దానికి టెన్షన్ పడకండి. యాకే అంటే ఎండకి పసుపెక్కడం. ఫోను తర్జుమాలో అది కాలిందని వస్తుంది. అలా చూసి నేను ఒక మంచి పోస్టరు వదులుకున్నాను.

భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఆఫ్‌సెట్ అచ్చులో రంగు చుక్కలు పువ్వు రేకుల్లా వరసలో ఉంటాయి. ఇంటి ప్రింటరు కాపీలో చల్లినట్టుంటాయి. స్కాన్ చేసి వేసిన కాపీల్లో అడుగు అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి. కొనకముందు ఆ మూల ఫోటో దగ్గరగా తీసి పంపమనండి. పంపనంటే బేరం వద్దు.

జపాను వేలం సైట్లలో మనం నేరుగా కొనలేనిచోట మధ్యవర్తి కంపెనీలు కొని పంపుతాయి. కొన్నవన్నీ అక్కడే పోగుచేయించి ఒకే ట్యూబులో తెప్పించుకోండి. రవాణా, కస్టమ్స్ కలిపి ఒక్కోసారి పోస్టరు ధరని మించిపోతాయి. గట్టి ట్యూబు, లోపల ప్లాస్టిక్ సంచి అడగండి. జూన్ నుంచి నవంబరు దాకా నేనసలు తెప్పించను.

ఎందుకంటే అసలు కష్టం పోస్టరు మన ఊరు చేరాకే మొదలవుతుంది. కాలవల మధ్య ఊళ్లు మనవి. పై కప్పు కారకపోయినా కాగితం చెమ్మ పీలుస్తుంది. నేను పటాలు కట్టేవాణ్ణి కదా, నాకు తెలియనిదా అని రెండో బీ2ని దేవుడి పటంలాగే అద్దానికి ఆనించి, వెనక హార్డ్‌బోర్డు పెట్టి మేకులు కొట్టేశాను. రెండు వానాకాలాలు తిరిగేసరికి నల్లరంగు ఉన్నచోటల్లా కాగితం అద్దానికి అతుక్కుపోయింది. విడదీస్తే బొమ్మ అద్దం మీదే ఉండిపోయింది. మా ఆవిడ ఆ అద్దం ఇంకా పారేయనివ్వలేదు. అదీ పోస్టరేనంటుంది.

కాబట్టి అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు సందు ఉండాలి. ఆ బోర్డు ఆసిడ్ లేనిది కావాలి, మామూలు అట్ట పెడితే పదేళ్లలో అంచులు గోధుమరంగు తిరుగుతాయి. సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్, ఈ మూడూ ముట్టుకోవద్దు. పైఅంచున రెండుచోట్ల పల్చటి జపాను కాగితం ముక్కలు గోధుమగంజితో అతికించి వేలాడదీయండి. నీళ్లు తగిలిస్తే ఊడొచ్చేలా ఉండాలి. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు కార్కు ముక్కలు అంటిస్తే గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. వాన కొట్టే వైపు గోడకి మాత్రం ఏదీ తగిలించకండి.

మిగతావి పరిచి పెట్టాలి. పాలిస్టర్ షీటు తొడుగుల్లో పెట్టి, మేడ మీది స్టీలు బీరువాలో, కింది అర ఖాళీగా వదిలి పెట్టాను. 1996 తుపాను చూసినవాళ్లం, నేల మీద ఏదీ పెట్టం. సిలికా జెల్ పొట్లాలు వేయండి. నీలం గుళ్లు గులాబీరంగు తిరిగితే వంటకి వాడని మూకుట్లో వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. కలరా ఉండలు కాగితానికి తగలనివ్వకండి. వేపాకు వేయమని మా అత్తగారు చెప్పారు. వేశాను. ఆకు ఎండి పొడై తొడుగుల్లో దూరింది, దులపలేక చచ్చాను.

సంక్రాంతి వెళ్లాక, గాలి పొడిగా ఉన్న పూట, బీరువా తలుపులు తీసి ఒక్కొక్కటీ చూసుకుంటాను. చెదలు, చిమ్మెట తిన్న గుర్తులు అంచుల్లోనే ముందు కనబడతాయి. ఫ్యాను ఆపేసి, చేతులు కడుక్కుని తుడుచుకుని మొదలుపెడతాను, పద్నాలుగు చూడ్డానికి ఒక పూట పడుతుంది. పదకొండోది ఆ ఫ్రెంచి సినిమాది, రెండుసార్లు తూర్పు ఉన్నది. దాన్ని అమ్మేయలేదు, కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి ముందు అదే ఇచ్చి, ఏ ఏడాదిదో చెప్పమంటాను.