పాత సామాను కనిపిస్తే ముందు బోర్లించి చూడండి

నా పని ధర్మవరం మగ్గాలకు, కాపురం అనంతపురంలో. పట్టుచీరల అంచులకు గ్రాఫు వేసి, జకార్డుకు, అంటే మగ్గం మీద డిజైను నేయించే యంత్రానికి, చిల్లుల అట్టలు కొట్టించి ఇస్తాను. నమూనాల కోసం పుస్తకాలు తిరగేసినన్నాళ్లూ నా అంచుల్లో అందరి నెమలే, అందరి మామిడిపిందే. పాత సామాన్ల ప్రదర్శనలకు పోవడం మొదలుపెట్టాకే చేతికి కొత్త గీత వచ్చింది. ఎట్లా చూడాలో తెలియక మొదట్లో డబ్బులు తగలేశాను. ఆ ఖర్చు మీకు తప్పుతుందేమోనని రాస్తున్నా.

మన దగ్గర పెద్ద ప్రదర్శనలు తక్కువ. ఎప్పుడో ఒకసారి కల్యాణ మండపంలో పాత నాణేలు, స్టాంపులు పెడతారు. మిగతా రోజుల్లో బెంగుళూరు బస్సు ఎక్కాలి, లేదా ఇత్తడి, రాగి తూకానికి కొనే అంగళ్ల వెనక గోడౌన్లు చూడాలి. నా అనుభవంలో గోడౌనే మేలు. ప్రదర్శనలో సామాను తోమి, మెరిపించి పెడతారు. తోమితే వస్తువు మీద చదువుకోవాల్సిన గుర్తులు సగం పోతాయి.

సంచిలో నేను పెట్టుకునేవి ఇవి: గ్రాఫు పుస్తకం, పెన్సిలు, టేపు, చిన్న అయస్కాంతం, టార్చి, అరచేతిలో పట్టే డిజిటల్ తూకం. టార్చి వెలుతురు ఎదురుగా కొట్టకండి, పక్కనుంచి పడేట్టు పట్టుకోండి. ఉలి దెబ్బలు, సుత్తి గుంతలు నీడతో లేచి కనపడతాయి. అయస్కాంతం అంటుకుంటే అది ఇత్తడి పూత పూసిన ఇనుము. తూకం నాణేలకు. 1835 నుంచి వచ్చిన ఈస్టిండియా కంపెనీ వెండి రూపాయి, ఆ తర్వాతి విక్టోరియా రూపాయి, రెండూ తులం బరువు, అంటే 11.66 గ్రాములు. తొమ్మిదిన్నర తూగితే మర్యాదగా కింద పెట్టేయండి. రామ పట్టాభిషేకం బొమ్మతో, 1818 సంవత్సరం వేసి, కంపెనీ అర్ధణా అని చెప్పే బిళ్ల ప్రతి ప్రదర్శనలోనూ ఉంటుంది. అది చలామణీలో తిరిగిన డబ్బు కాదు. దేవుడి గూట్లో పెట్టుకోండి, లక్షలు మాత్రం పెట్టకండి.

నేను మోసపోయింది నాణెంతో కాదు, చిలక దీపంతో. బెంగుళూరులో ఒక స్టాలాయన నూరేళ్ల వస్తువంటే 3,500 ఇచ్చి తెచ్చా. మా ఆవిడ చింతపండు పెట్టి ఒక్కసారి తోమింది. పచ్చటి చిలుమంతా నీళ్లలో కలిసిపోయి, కింద నిన్న మొన్నటి ఇత్తడి, ఆకురాయి గీతలతో సహా బయటపడింది. చిలుము ఒంటినిండా ఒకే మందంగా ఉన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నిజంగా వాడిన వస్తువు చెయ్యి పడే చోట అరిగి నున్నగా ఉంటుంది, చెయ్యి దూరని సందుల్లో మసి గట్టిపడి ఉంటుంది. దీపానికైతే ఒత్తి పెట్టే ముక్కు దగ్గర నలుపు దిగిపోయి ఉండాలి. నా చిలకకు ముక్కు కూడా తళతళా మెరిసేది.

అప్పటినుంచి ఏది కనపడినా ముందు బోర్లిస్తా. నిజానికి ఇది మగ్గం దగ్గర పుట్టిన అలవాటే. చీరను ముందు తిప్పి వెనక చూస్తాం కదా, జరీ ఎక్కడ తేలింది, ఎక్కడ కత్తిరించారు అని. కొలిమి పనివాడూ అంతే. ముందువైపు మనకోసం చేస్తాడు, తన లెక్కలన్నీ అడుగున వదిలేస్తాడు.

పోయిన ఏడాది ఒక గోడౌనులో నీళ్లు కాచుకునే రాగి అండా బోర్లించాను. పొట్ట మీద పైనుంచి కిందికి పసుపుపచ్చ గీత, అదీ పళ్లు పళ్లుగా. ఒకప్పుడు రాగి రేకును గుండ్రంగా చుట్టేవాళ్లు. ఒక అంచుకు పళ్లు కత్తిరించి, ఒకదాన్ని పైకి, ఒకదాన్ని లోపలికి వంచి, రెండో అంచును మధ్యలోకి దూర్చి, ఇత్తడి కరిగించి అతికేవాళ్లు. ఎర్రటి రాగి మీద ఆ అతుకు జరీ తీగలా ఉంది. నాకు ఒళ్లు ఝల్లుమంది. అచ్చం కోటకొమ్మ అంచు! చీర ఒంటినీ అంచునూ వేరే రంగుల్లో నేసి కలిపే చోట మేం వేసేదీ ఈ పళ్లే.

చాపేసుకుని కింద పడుకున్నా. అంగడి పెద్దాయన వచ్చి, “ఏం సామీ, కొంటావా, నిద్రపోతావా?” అన్నాడు. “పెద్దాయనా, కొలుచుకుని పోతా, టీ నేను తాపిస్తా” అన్నా. పళ్లు టేపుతో కొలిచా: 17 మిల్లీమీటర్లు, 21, 19, మళ్లీ 17 దగ్గరగా. ఇంటికొచ్చి గ్రాఫు మీద అన్నీ సమానంగా వేశా. రంపం పళ్లలా చచ్చుగా వచ్చింది. రెండో రోజు కొలతలు కొలతలుగానే వేశా. మా చీరలో అంగుళానికి 60 పేకలు (అడ్డపోగులు) అనుకుంటే 17 మిల్లీమీటర్లకు 40, 21కి 50, 19కి 45. మూడు పళ్లకు కలిపి 135 పేకలు, పేకకు ఒక అట్ట. “ఒక్క పన్నే మళ్లీ మళ్లీ తిప్పితే 45తో పోయేదానికి 135 అట్టలా అన్నా?” అని నేసే తమ్ముడు విసుక్కున్నాడు. అంచు దిగాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

బొమ్మ ఎత్తుకొస్తే కాపీ అవుతుంది. కొలత ఎత్తుకొస్తే మీ పనిలోకి దిగుతుంది. ఒక్క రోజుకు ఒక్క వస్తువే పెట్టుకోండి, గంట దాని దగ్గరే కూర్చోండి.

అమ్మేవాళ్లను “ఎన్నేళ్లది?” అని అడక్కండి, ఎవరైనా రెండొందలే అంటారు. “ఎట్లాంటి ఇంట్లోంచి వచ్చింది, దేనికి వాడేవాళ్లు?” అనండి. బేరాల రద్దీలో కాకుండా సర్దుకునే వేళ వెళ్తే మాటలు దొరుకుతాయి. ఫోటోకి ముందే అడగండి. రాతి విగ్రహాలు, తాళపత్రాలు కొనే ఆలోచన మాత్రం వద్దు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహాల్లాంటి వాటికి రిజిస్ట్రేషన్ కావాలి, బొమ్మలు వేసిన తాళపత్రాలకు 75 ఏళ్లే లెక్క. దేశం దాటించడం నేరం.

డబ్బు ఖర్చు లేకుండా కన్ను పదును పెట్టుకోవాలంటే లేపాక్షికి పోండి. లతా మండపం స్తంభాలు చుట్టి రండి. 16వ శతాబ్దపు శిల్పులు వేసిన ఆ లతలు మన చీరల మీదికి ఎప్పుడో ఎక్కాయి. ఉదయం ఎండ పక్కవాటుగా పడినప్పుడు టార్చి కూడా అక్కర్లేదు.

ఇంకో మాట. వీధుల్లో “పాత పట్టుచీరలు కొంటాం” అని వచ్చేవాళ్లు జరీలోని వెండి కోసం వాటిని కాల్చేస్తారు. మీ జేజి చీర అమ్ముకోక తప్పకపోతే అమ్మండి. ఇచ్చేముందు అంచు మీద స్కేలు పెట్టి, ముందూ వెనకా ఫోటో తీసి పెట్టుకోండి.

ఆ అండాను నేను కొనలేదు. మోసుకుపోయే దారిలేక, తర్వాత చూద్దాంలే అనుకున్నా. పై వారం పోతే తూకానికి వెళ్లిపోయింది. అడుగు అతుకు ఎట్లా ఉందో అప్పుడు గీసుకోలేదు, గ్రాఫు పుస్తకంలో ఆ పేజీ సగం ఖాళీగానే ఉంది.