మెడ విరిగిన చెక్క బాతు

నా దగ్గర సెడార్ చెక్కతో చెక్కిన మల్లార్డ్ (ఓ రకం అడవి బాతు) మగ బాతు ఒకటుంది, వేటలో అసలు బాతుల్ని రప్పించడానికి నీళ్ల మీద తేలే ఎర బొమ్మ. తల పట్టుకుని ఎత్తడం నా పాడు అలవాటు. ఓ రోజు కిర్రుమంది, తల చేతికొచ్చింది.

ఉండబట్టలేక వెంటనే ఎపాక్సీ జిగురు పూసి అతికించేశా. రెండు వారాలకే మళ్లీ ఊడింది. జిగురు బిళ్లలా లేచొచ్చింది, కింద చెక్క ఇంకా చెమ్మగానే ఉంది. తప్పు నాదే.

ఈసారి నెల రోజులు నీడలో ఆరబెట్టా. ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. పాత జిగురంతా ఉలితో గీకి, మెడలోంచి ఒంట్లోకి చెక్క డోవెల్ (గుండ్రటి పుల్ల) దించాలనుకున్నా. చిక్కల్లా రెండు రంధ్రాలూ ఎదురెదురుగా పడటమే. ఒంటి వైపు తల తీసేసిన చిన్న మేకు మొన పైకుండేలా గుచ్చి, పైన బాతు తలను సరిగ్గా పెట్టి నొక్కా. మేకు మొన దిగిన గుర్తు దగ్గరే డ్రిల్ చేశా. అదనపు జిగురు బయటికి రావడానికి డోవెల్ పొడవునా సన్న గాడి తీశా.

అతుకు సరిగ్గా మెడలోని తెల్ల పట్టీ కిందికొచ్చింది, అదృష్టం! అతుకు మీద వేసిన కొత్త తెలుపు మరీ కొట్టొచ్చినట్టుంటే చిటికెడు అంబర్ (మట్టి గోధుమ రంగు) కలిపి స్పాంజితో అద్దా. మెరుపు రంగు వద్దు, మెరిస్తే అసలు బాతులు బెదురుతాయి.

పుల్ల మీద నిలబెట్టే ఉల్లంకి (నీటి ఒడ్డున తిరిగే పిట్ట) ఎర బొమ్మల సంగతి వేరు. అమెరికాలో 1918 నాటి వలసపక్షుల చట్టం తర్వాత ఉల్లంకుల వేట చాలావరకు ఆగింది కాబట్టి, పాతవి సేకరించేవాళ్ల సొత్తు. వాటికి మళ్లీ రంగేస్తే విలువ పోతుంది. నా బాతు అంత పాతది కాదులెండి.

తొట్టిలో వేసి చూశా, నిటారుగానే తేలింది.