చేతి నరాల కోడింగ్: క్లెయిమ్ ఎక్కడ ఆగుతుంది, ఎలా సరిచేయాలి

ఇన్సూరెన్స్ నుంచి తిరిగొచ్చిన క్లెయిమ్‌ను (చికిత్స బిల్లును) సరిచేయడానికి కూర్చున్నప్పుడు ముందు చార్టు (రోగి వైద్య రికార్డు) తెరవండి. అందులో నాలుగు సంగతులు దొరకాలి: ఏ నరం, ఏ చోట, ఏ వైపు, ఇప్పటి గాయం వల్లనా కాదా. చేతి నరాల కోడ్‌లలో తప్పులు చాలావరకు వీటిలో ఏదో ఒకటి చూడకుండా వదిలేసినప్పుడే వస్తాయి. కింద చెప్పేదంతా అమెరికా క్లెయిమ్‌లకు వాడే ఐసీడీ-10-సీఎం (జబ్బుల కోడ్‌లు), సీపీటీ (ప్రొసీజర్ల కోడ్‌లు) ప్రకారం.

సమస్య: జి56.01 (కుడి చేతి కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, అంటే మణికట్టు దగ్గర మీడియన్ నరం నొక్కుకోవడం) వేస్తే ఆడిటర్ కొట్టేశారు

చార్టులో ఇలా ఉందనుకోండి: "రెండు వారాలుగా కుడి చేతి మూడు వేళ్లు తిమ్మిరి. కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అయ్యుండొచ్చు. నర్వ్ కండక్షన్ పరీక్షకు పంపుతున్నాం."

కారణం: అవుట్‌పేషెంట్ విజిట్‌లో "అయ్యుండొచ్చు", "అనుమానం", "ప్రాబబుల్", "రూల్ అవుట్" అని రాసిన జబ్బుకు కోడ్ వేయకూడదు. ఇన్‌పేషెంట్ డిశ్చార్జికి నియమం వేరు. ఆ అలవాటే చాలామంది ఇక్కడికీ తెస్తారు.

పరిష్కారం: ఆ రోజు తేలినంతవరకే కోడ్ చేయండి. స్పర్శ తెలియడం లేదంటే ఆర్20.0. సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు ఉంటే ఆర్20.2. కుడి అరచేతిలో నొప్పి మాత్రమే ఉంటే ఎం79.641. తర్వాత నర్వ్ కండక్షన్ పరీక్ష (నరంలో సంకేతం ఎలా పోతుందో చూసేది) జరిగి, డాక్టర్ చదివిన తుది రిపోర్టులో కార్పల్ టన్నెల్ అని తేలితే, ఆ పరీక్ష క్లెయిమ్‌కు జి56.01 వేయండి. అప్పుడు ఆర్20 కోడ్ పక్కన చేర్చకూడదు.

సమస్య: నరం పేరు ఉంది, కోడ్ మాత్రం తప్పు

మీడియన్ నరం మణికట్టు దగ్గర నొక్కుకుంటే జి56.0. అదే నరం ముంజేతిలో నొక్కుకుంటే జి56.1. అల్నార్ నరానికి ఈ తేడా లేదు. మోచేతి దగ్గర క్యూబిటల్ టన్నెల్ అయినా, మణికట్టు దగ్గర గయాన్ కెనాల్ అయినా జి56.2నే. చోటు తేడా ఆపరేషన్ కోడ్‌లో కనిపిస్తుంది: మోచేతి దగ్గర 64718, మణికట్టు దగ్గర 64719. రేడియల్ నరానికి జి56.3. బొటనవేలి వైపు మణికట్టు నొప్పికి డీ కెర్వైన్ అని రాసి ఉంటే అది నరం జబ్బు కాదు, స్నాయువు తొడుగు వాపు. దానికి ఎం65.4.

సమస్య: వైపు తేలని కోడ్ అని డినయల్ (క్లెయిమ్ తిరస్కరణ)

జి56 కోడ్‌లలో చివరి అంకె వైపును చెబుతుంది: 1 కుడి, 2 ఎడమ, 3 రెండూ, 0 తెలియదు. అసెస్‌మెంట్‌లో వైపు లేదని వెంటనే 0 వేసేయకండి. డాక్టర్ రాయకపోయినా నర్సు, థెరపిస్టు లాంటి ఇతర క్లినీషియన్లు రాసిన వైపును తీసుకోవడానికి గైడ్‌లైన్లు ఒప్పుకుంటాయి. రెండుచోట్ల రెండు రకాలుగా ఉంటే మాత్రం డాక్టర్‌కు క్వెరీ పంపాల్సిందే.

రెండు చేతులకూ ఉన్నప్పుడు ఒకప్పుడు జి56.01, జి56.02 రెండూ వేసేవారు. 2016 అక్టోబర్ 1 నుంచి జి56.03 ఉంది. పాత టెంప్లేట్ ఇంకా రెండు కోడ్‌లు ఇస్తుంటే మార్పించండి. కుడి చేతికి మొదట ఆపరేషన్ చేసిన రోజు జబ్బు రెండు వైపులా ఉంది కాబట్టి జి56.03 సరైనదే, ప్రొసీజర్‌కు మాత్రం ఆర్‌టీ మోడిఫయర్ (కుడి వైపు అని కోడ్‌కు జోడించే గుర్తు). కుడి చేయి పూర్తిగా నయమయ్యాక ఎడమ చేతికి వచ్చినప్పుడు జి56.02కు మారాలి. కుడి చేతిలో లక్షణాలు ఇంకా ఉన్నాయని చార్టు చెబితే జి56.03 అలాగే ఉంచాలి.

సమస్య: తిమ్మిరి వేళ్లలో, మూలం మెడలో

మెడ డిస్క్ వల్ల రాడిక్యులోపతీ (నరం మొదలు దగ్గర దెబ్బతినడం) అని రాసి ఉంటే ఎం50.1 కుటుంబంలోకి వెళ్లాలి. ఉదాహరణకు సీ5-సీ6 దగ్గరైతే ఎం50.122. డిస్క్, స్పాండిలోసిస్ (మెడ ఎముకల అరుగుదల) ప్రస్తావన లేకుండా ఊరికే సర్వైకల్ రాడిక్యులోపతీ అంటే ఎం54.12. ఎం50.1తో ఎం54.12 కలిపి వేస్తే ఎక్స్‌క్లూడ్స్1 (ఈ రెండు కోడ్‌లూ కలిపి వేయకూడదన్న) నియమానికి చిక్కి క్లెయిమ్ ఆగుతుంది. థొరాసిక్ అవుట్‌లెట్ సిండ్రోమ్ (మెడ, భుజం మధ్య నరాలు నొక్కుకోవడం) జి54.0లోకి వెళుతుంది.

సమస్య: గాజు గుచ్చుకున్న చేతికి జి56 వేశారు

కారణం: ఇప్పటి గాయం వల్ల తెగిన నరం జి56లోకి రాదు. భుజం, పై చేయి అయితే ఎస్44, ముంజేయి అయితే ఎస్54, మణికట్టు, చేయి అయితే ఎస్64.

పరిష్కారం: మణికట్టు దగ్గర కుడి మీడియన్ నరం తెగితే ఎస్64.11ఎక్స్ఎ. తెరిచిన గాయం ఉంటే దానికి ఎస్61 కోడ్ కూడా చేర్చాలి. ఏది ముందు? చికిత్స ప్రధానంగా నరానికే అయితే నరం కోడ్ ముందు. పై చేతి ఎముక విరిగి రేడియల్ నరం కొద్దిగా దెబ్బతింటే ఎముక కోడ్ ముందు, ఎస్44.2 తర్వాత.

గాయం కోడ్‌ల ఏడో అక్షరం (చికిత్స దశను చెప్పేది) దగ్గర మరో చిక్కు ఉంది. మూడు వారాల తర్వాత నరం కుట్టినా అది యాక్టివ్ ట్రీట్‌మెంటే కాబట్టి 'ఏ' అక్షరం వేయాలి. కుట్టిన తర్వాత జరిగే ఫాలో అప్, థెరపీకి డీ. పాత గాయం మిగిల్చిన లోపానికైతే ముందు ఆ లోపం (కుడి చేతి కండరం సన్నబడితే ఎం62.541), తర్వాత ఎస్‌తో ముగిసే గాయం కోడ్.

సమస్య: నర్వ్ కండక్షన్ కోడ్ డౌన్‌కోడ్ అయింది (తక్కువ చెల్లింపు కోడ్‌కు మారింది)

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, కాస్త ఓపికగా చూడండి. రిపోర్టులో ఇవి ఉన్నాయి (మోటార్ అంటే కదలిక నరం పరీక్ష, సెన్సరీ అంటే స్పర్శ నరం పరీక్ష, ఎఫ్-వేవ్ అంటే వెన్నుపాము దాకా వెళ్లి తిరిగొచ్చే సంకేతం):

- కుడి మీడియన్ మోటార్, ఎఫ్-వేవ్‌తో
- కుడి మీడియన్ సెన్సరీ
- కుడి అల్నార్ మోటార్: మణికట్టు, మోచేతి కింద, మోచేతి పైన
- కుడి అల్నార్ సెన్సరీ
- ఎడమ మీడియన్ మోటార్
- ఎడమ మీడియన్ సెన్సరీ

అల్నార్ మోటార్‌లో మూడు చోట్లను మూడుగా, ఎఫ్-వేవ్‌ను విడిగా లెక్కపెడితే తొమ్మిదై 95911 పడుతుంది. అది తప్పు. ఒకే నరాన్ని ఎన్ని చోట్ల స్టిమ్యులేట్ చేసినా ఒకటే స్టడీ. ఎఫ్-వేవ్ మోటార్ స్టడీలోనే కలిసిపోతుంది. మోటార్, సెన్సరీ మాత్రం వేరువేరు. కాబట్టి ఇవి ఆరు స్టడీలు, కోడ్ 95909.

గుర్తుపెట్టుకోవాల్సిన మెట్లు: 1-2 స్టడీలకు 95907, 3-4కు 95908, 5-6కు 95909, 7-8కు 95910, 9-10కి 95911, 11-12కు 95912, 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే 95913తో సరి. ఒక రోజుకు ఒకటే కోడ్, ఒకటే యూనిట్.

అదే రోజు సూది ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష) కూడా చేస్తే 95860 (ఈఎంజీ ఒక్కటే చేసినప్పటి కోడ్) వేయకూడదు. ఒక చేతిలో ఐదు లేదా అంతకంటే ఎక్కువ కండరాలు చూస్తే 95886, నాలుగు లేదా అంతకంటే తక్కువైతే 95885. కండరాల పేర్లు రిపోర్టులో లెక్కపెట్టి వేయండి. "కంప్లీట్ ఈఎంజీ" అన్న శీర్షికను నమ్మి వేస్తే ఆడిట్‌లో నిలబడదు.

సమస్య: ఆపరేషన్ క్లెయిమ్‌లో రెండు కోడ్‌లలో ఒకటి పోయింది

ఎండోస్కోపీతో కార్పల్ టన్నెల్ విడుదల చేస్తే 29848, కోసి చేస్తే 64721. ఎండోస్కోపీతో మొదలుపెట్టి మధ్యలో ఓపెన్‌కు మారితే 64721 ఒక్కటే. సర్జన్ తానే ఇచ్చిన మత్తు బ్లాక్‌ను విడిగా బిల్ చేయకూడదు.

64721కు గ్లోబల్ పీరియడ్ (ఆపరేషన్ చెల్లింపులోనే కలిసే తర్వాతి కాలం) 90 రోజులు. ఆ లోపల అదే సర్జన్ రెండో చేతికి ఆపరేషన్ చేస్తే 79 మోడిఫయర్ (ముందు ఆపరేషన్‌తో సంబంధం లేనిదని చెప్పేది) లేకపోతే క్లెయిమ్ ఆగిపోతుంది. 79తో పాటు ఎల్‌టీ (ఎడమ) గానీ ఆర్‌టీ గానీ పెట్టాలి. ఒకే రోజు రెండు చేతులకూ చేస్తే మోడిఫయర్ 50.

సమస్య: ఇంజెక్షన్ మందుకు డబ్బు తగ్గింది

కార్పల్ టన్నెల్‌లోకి స్టెరాయిడ్ ఇస్తే ప్రొసీజర్ 20526. మందు ట్రయామ్‌సినలోన్ అసిటోనైడ్ అయితే జె3301 (మందులకు వాడే హెచ్‌సీపీసీఎస్ కోడ్), దాని ఒక యూనిట్ 10 మిల్లీగ్రాములు. 40 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు యూనిట్లు 4. ఒకటి వేస్తే డబ్బు తగ్గుతుంది, 40 వేస్తే క్లెయిమ్ తిరిగొస్తుంది.