పిచర్ కెరీర్ పట్టికను చదివే పద్ధతి: నోలన్ ర్యాన్ ఉదాహరణతో

క్రికెట్ స్కోరుకార్డులతో పెరిగినవారు బేస్‌బాల్ పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) కెరీర్ పట్టికను తెరవగానే సాధారణంగా ఒక పొరపాటు చేస్తారు: మొదట్లోనే కనిపించే గెలుపు, ఓటముల అంకెలను చూసి ఆటగాడి స్థాయిని అక్కడికక్కడే తేల్చేస్తారు. ఆ రెండు గడులను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆట మొదలుపెట్టిన పిచర్ ఖాతాలో గెలుపు పడాలంటే అతడు కనీసం ఐదు ఇన్నింగ్స్ (ఒక్కోటి మూడు అవుట్లు) వేయాలి, తప్పుకునే సమయానికి జట్టు ఆధిక్యంలో ఉండాలి, ఆ ఆధిక్యం చివరిదాకా చెక్కుచెదరకూడదు. అంటే సగం లెక్క సొంత జట్టు బ్యాటర్ల చేతుల్లోనూ, తన తర్వాత బంతి అందుకునేవారి చేతుల్లోనూ ఉంటుంది.

1987లో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌కు ఆడిన నోలన్ ర్యాన్ వరుసను చూడండి: 8 గెలుపులు, 16 ఓటములు. వయసు 40 ఏళ్లు కాబట్టి ఇక పనైపోయిందనిపిస్తుంది. అదే వరుసలో ఇంకాస్త ముందుకు వెళితే ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చే పరుగుల సగటు, తక్కువైతే మేలు) 2.76, స్ట్రైకవుట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) 270 అని ఉంటుంది. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లోని రెండు లీగ్‌లలో ఒకటి, రెండోది అమెరికన్ లీగ్) ఈ రెండింటిలోనూ అతడిదే మొదటి స్థానం. పరుగులు ఇవ్వడంలో అంత పిసినారి అయినవాడు 16 ఆటలు ఓడాడంటే, పరుగులు చేయవలసినవారు చేయలేదన్నమాట.

కాబట్టి చదవడం ఈఆర్ఏతో మొదలుపెట్టాలి. పిచర్ బాధ్యత కింద లెక్కించే పరుగులను తొమ్మిదితో గుణించి, అతడు వేసిన ఇన్నింగ్స్‌తో భాగిస్తే ఈఆర్ఏ వస్తుంది. ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చిన పరుగులను ఇందులో కలపరు. దీన్ని ఎకానమీ రేటుతో పోల్చడం మనవాళ్లకు అలవాటు. నా ఉద్దేశంలో అది సరికాదు. ఇక్కడ ఇన్నింగ్స్‌ను కొలిచేది బంతులతో కాదు, అవుట్లతో; మూడు అవుట్లయితే ఒక ఇన్నింగ్స్, తొమ్మిది ఇన్నింగ్స్ అంటే 27 అవుట్లు. అందువల్ల ఈఆర్ఏకు దగ్గరి చుట్టం బౌలింగ్ సగటే. ర్యాన్ 1987 వరుసలో 211.2 ఇన్నింగ్స్ అని ఉంటే, 211 ఇన్నింగ్స్ పూర్తయ్యాక మరో రెండు అవుట్లని అర్థం, 4.2 ఓవర్లు అని చదవడం వచ్చినవారికి ఇది కొత్త కాదు.

అయితే ఒక కాలపు ఈఆర్ఏను మరో కాలపు ఈఆర్ఏతో నేరుగా పోల్చకూడదు. 1968లో బాబ్ గిబ్సన్ ఈఆర్ఏ 1.12, 2000లో పెడ్రో మార్టినెజ్‌ది 1.74. గిబ్సన్ కాలంలో పిచర్ నిలబడే మట్టిదిబ్బ ఎత్తు 15 అంగుళాలు, 1969 నుంచి దాన్ని 10కి తగ్గించారు; మార్టినెజ్ ఆడిన ఏడాది అమెరికన్ లీగ్ మొత్తం సగటే 4.91. ఈఆర్ఏ ప్లస్ అనే గడి ఉంటే అది ఈ తేడాలను, మైదానాల తేడాలను సర్దుబాటు చేసి చెబుతుంది: 100 అంటే సగటు, ఎంత ఎక్కువైతే అంత మేలు.

తర్వాత స్ట్రైకవుట్లను, వాక్‌లను (నాలుగు గురితప్పిన బంతులతో బ్యాటర్‌కు ఉచితంగా దక్కే బేస్) పక్కపక్కన పెట్టి చూడాలి, ఎందుకంటే ఈ రెండింటిలో ఫీల్డర్ల ప్రమేయం దాదాపు ఉండదు. ర్యాన్ మొత్తం స్ట్రైకవుట్లు 5,714. ఆ రికార్డును అందరూ చెబుతారు. 2,795 వాక్‌లు కూడా రికార్డేనన్న సంగతిని మాత్రం మెల్లగా దాటేస్తారు. అతడు 5,386 ఇన్నింగ్స్ వేస్తే, గ్రెగ్ మాడక్స్ 5,000 పైచిలుకు ఇన్నింగ్స్ వేసి ఇచ్చిన వాక్‌లు 999 మాత్రమే. ఒకడిది వేగం, మరొకడిది గురి. ఏడు నో-హిట్టర్లు (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటలు) వేసిన ర్యాన్‌కు, లీగ్‌లో ఏటా ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు ఒక్కసారీ రాకపోగా, మాడక్స్ వరుసగా నాలుగేళ్లు దాన్ని అందుకోవడం వెనుక ఈ తేడా కొంతైనా ఉంది.

ఇక సంవత్సరాల నిలువు వరుసను పైనుంచి కిందికి చదవండి. కెరీర్ కథ నిజానికి ఉండేది అక్కడే. జట్టు పేరు మారిన చోట ఆగాలి: 1971లో మెట్స్‌కు 137 స్ట్రైకవుట్లు చేసిన ర్యాన్, ఏంజెల్స్‌కు మారిన 1972లో 329 చేశాడు. మధ్యలో ఏడాది కనిపించకపోతే గాయాన్ని అనుమానించాలి. పిచర్ టామీ జాన్ పట్టికలో 1975 ఉండదు, 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ అతడి మోచేతికి కొత్త స్నాయువు అమర్చారు. ఆ శస్త్రచికిత్సకు ఆటగాడి పేరే స్థిరపడిపోయింది, అతడి 288 గెలుపుల్లో 164 దాని తర్వాత వచ్చినవే. కానీ ఇన్నింగ్స్ తగ్గిన ప్రతిచోటా గాయమే ఉందనుకోకూడదు. 1981లో ర్యాన్ వేసినవి 149 ఇన్నింగ్స్ మాత్రమే, అయినా ఈఆర్ఏ 1.69, ఆ వేసవిలో ఆటగాళ్ల సమ్మెతో లీగ్ దాదాపు రెండు నెలలు ఆగిపోయింది.

చివరి వరుసను తొందరపడి చదవవద్దు. ర్యాన్ 1993 వరుసలో 66.1 ఇన్నింగ్స్, ఈఆర్ఏ 4.88 అని ఉంటుంది. సెప్టెంబర్ 22న సియాటెల్‌లో ఆడిన ఆఖరి ఆటలో అతడు ఒక్క అవుట్ కూడా తీయలేదు, మోచేతి స్నాయువు తెగి బయటకు నడిచాడు. ఇన్నింగ్స్ గడిలో ఆ రాత్రి ఏమీ చేరలేదు. ఐదు పరుగులు మాత్రం చేరి, అప్పటిదాకా 4.21గా ఉన్న ఈఆర్ఏను 4.88కి లాగాయి.