కేబుల్ దారిలో పర్వతారోహణ – 4వ పాఠం: యాంకర్ దాటడం, కాళ్లపై ఎక్కడం, అలుపు తీర్చుకోవడం

గత పాఠంలో హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించుకునే పట్టీల అమరిక) వేసుకోవడం, రెండు కొసల ల్యాన్యార్డును (కారబైనర్లనే గేటున్న లోహపు కొక్కేలతో మనల్ని కేబుల్‌కు కలిపే పట్టీని) దానికి బిగించడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఆ ల్యాన్యార్డుతో కేబుల్ వెంట ఎలా కదలాలో చూద్దాము. ఉదాహరణకు ఇటలీలోని డోలమైట్స్ పర్వతశ్రేణిలో అన్నింటికంటే ఎత్తయిన మార్మొలాడా పర్వతపు పడమటి గట్టు దారిని తీసుకుంటున్నాను. 3343 మీటర్ల పుంటా పెనియా శిఖరానికి చేర్చే ఈ వయా ఫెర్రాటాను (ఇనుప మెట్లు, కేబుల్ బిగించిన కొండదారిని) 1903లో, అంటే మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు ఆ ప్రాంతపు కొండలపై నిచ్చెనలు, తాళ్లు బిగించడానికి ముందే, ఏర్పాటు చేశారు. రాతిలో దిగగొట్టిన ఇనుప మెట్లు, వాటి పక్కనే యాంకర్ల (కేబుల్‌ను రాతికి పట్టి ఉంచే బిగింపుల) మధ్య లాగి కట్టిన ఉక్కు కేబుల్ చాలా దూరం మనకు తోడుంటాయి. ఇనుము ఇంతగా ఉన్న దారి సులువని అనుకోకూడదు. ఎత్తు, చలి, రాతిపై పేరుకునే పలుచని మంచు కలిసి దీనిని కఠినం చేస్తాయి.

ముందుగా ఒక విషయాన్ని లెక్కతో సహా అర్థం చేసుకోవాలి. నిలువుగా ఉన్న చోట మీరు కింది యాంకర్‌కు 3 మీటర్ల పైన ఉన్నారనుకోండి. కాలు జారితే కారబైనర్లు కేబుల్ వెంట ఆ యాంకర్ దాకా జారుతాయి, ఆ తరువాత మీ శరీరం ల్యాన్యార్డు పొడవు మేరకు, సుమారు మరో మీటరు, కిందికి పోతుంది. అంటే ఒక్క మీటరు పట్టీ 4 మీటర్ల పతనాన్ని ఆపవలసి వస్తుంది. పతనం పొడవును తాడు పొడవుతో భాగిస్తే వచ్చే సంఖ్యను ఫాల్ ఫ్యాక్టర్ అంటారు. తాడుతో చేసే మామూలు రాక్ క్లైంబింగ్‌లో అది 2 దాటదు, ఇక్కడ 4 అయింది. యాంకర్ల మధ్య దూరం పెరిగితే ఇంకా పెరుగుతుంది. అందుకే ల్యాన్యార్డు మొదట్లో ఉండే చిన్న సంచిలో, మడతలుగా కుట్టిన ఎనర్జీ అబ్జార్బర్ పట్టీ ఉంటుంది. పడినప్పుడు ఆ కుట్లు వరుసగా తెగుతూ దెబ్బ తీవ్రతను తగ్గిస్తాయి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 958 ప్రకారం ఆ పట్టీ 2.2 మీటర్ల వరకు సాగవచ్చు, 120 కిలోల బరువుకు శరీరంపై పడే బలం 6 కిలోన్యూటన్లు (సుమారు 600 కిలోల బరువంత) మించకూడదు. అంటే మొత్తం 6 మీటర్లకు పైగా కిందికి పోవచ్చు, ఆ మధ్యలో ఇనుప మెట్టో, రాతి అంచో తగలకుండా ఉండటం అరుదు. పరికరం ప్రాణం నిలపవచ్చు గాని ఎముకలకు హామీ ఇవ్వలేదు. కాబట్టి కేబుల్ దారిలో పడటం సాధనలో భాగం కాదు. పడకుండా ఎక్కడమే ఇక్కడ నేర్చుకోవలసిన విద్య. మామూలు స్లింగ్‌ను (అబ్జార్బర్ లేని పట్టీ ఉచ్చును) ల్యాన్యార్డుకు బదులుగా వాడటం, ఒకసారి కుట్లు తెగిన అబ్జార్బర్‌ను మళ్లీ వాడటం ఎన్నడూ చేయరాదు. శరీర బరువు 40 కిలోలకు తక్కువ ఉన్నవారిని పైనుంచి అనుభవజ్ఞులు తాడుతో పట్టి ఎక్కించాలి.

ఇప్పుడు యాంకర్ దాటడం. యాంకర్ ఛాతీ ఎత్తుకు వచ్చేదాకా ఎక్కి, రెండు పాదాలూ కుదురుకున్నాకే చేయి కారబైనర్ల మీదికి పోవాలి. మొదటి కారబైనర్‌ను తీసి యాంకర్ పైనున్న కేబుల్‌కు తగిలించండి, గేటు పూర్తిగా మూసుకున్నదో లేదో కంటితో చూడండి, ఆ తరువాతే రెండవదాన్ని తీయండి. రెండూ ఒకేసారి విడిపడిన క్షణం మీకు ఏ రక్షణా లేదు. తొందరలో, మాటల్లో పడి, ముఖ్యంగా తేలికైన చోట ఈ తప్పు జరుగుతుంది. రెండు యాంకర్ల మధ్య ఒక్కరే ఉండాలన్న నియమాన్ని కూడా గట్టిగా పాటించండి, ఎందుకంటే పైవారు జారితే ఆ యాంకర్ దాకా వచ్చి కిందివారి మీదే పడతారు.

ఎక్కడమంటే చేతులతో కేబుల్‌ను లాగుతూ పైకి పోవడం అని కొత్తవారు అనుకుంటారు. అలా పోతే పిడికిళ్లు త్వరగా బిగుసుకుపోతాయి. బరువంతా కాళ్లపై ఉంచి, నడుమును రాతికి దగ్గరగా తెచ్చి, చేతులు చాచి పట్టుకుని, ప్రతి అడుగుకూ ముందు పాదం ఎక్కడ పెట్టాలో చూసుకోండి. తెలంగాణలోని భువనగిరి కొండ గ్రానైట్‌పై రాక్ క్లైంబింగ్ సాధన చేసినవారికి పాదాలపై నమ్మకం ఇప్పటికే ఉంటుంది. మార్మొలాడాలో మాత్రం సున్నపురాయి, అది చాలామంది తొక్కి నునుపెక్కిన చోట తడిస్తే గ్రానైట్‌లా పాదాన్ని పట్టదు.

అలసట వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి. తాడిచెట్టు మీద గీత కార్మికుడు మోకుకు నడుమునిచ్చి చేతులు ఖాళీ చేసుకున్నట్టు, ల్యాన్యార్డుకున్న పొట్టి రెస్ట్ లూప్‌ను మరో కారబైనర్‌తో ఇనుప మెట్టుకు తగిలించి దానిపై వాలవచ్చు. అప్పుడు కూడా రెండు కారబైనర్లూ కేబుల్ మీదే ఉండాలి. కదలబోయే ముందు రెస్ట్ లూప్‌ను తప్పక విడిపించాలి.

శిఖరం ఎత్తులో వాయుపీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. అందువల్ల ముందు రాత్రి 2016 మీటర్ల ఎత్తున్న కాంత్రిన్ హట్ (పర్వతారోహకుల బస) వంటి చోట పడుకోవడం మంచిది. ప్రతి యాంకర్ దగ్గర ఊపిరి కుదుటపడే వరకు నిలవండి. తలనొప్పి, వికారం పెరుగుతుంటే దిగిపోవడమే చికిత్స. కేబుల్‌పై మంచు గట్టిపడి ఉంటే క్రాంపాన్లు (బూట్లకు తగిలించే ఇనుప ముళ్లు) లేనివారు అక్కడినుంచే వెనుదిరగాలి.

జూలై, ఆగస్టు నెలల్లో డోలమైట్స్‌లో మధ్యాహ్నం తరువాత ఉరుములు మామూలే. ఉక్కు కేబుల్ విద్యుత్తును దూరం దాకా మోస్తుంది కాబట్టి, తెల్లవారకముందే బయలుదేరి, 11 గంటలకల్లా శిఖరం మీద లేకపోతే వెనుదిరగాలని ముందే నిర్ణయించుకోండి.

దిగడం వేరే విద్య. ఉత్తరం వైపు హిమానీనదం మీదుగా దిగాలంటే తాడు, క్రాంపాన్లు, ఆనాటి మంచు పరిస్థితిపై స్థానిక గైడ్ల మాట అవసరం. 2022 జూలై 3న ఇదే పర్వతంపై పుంటా రోకా శిఖరం కింద హిమానీనదం భాగం విరిగిపడి 11 మంది చనిపోయారు. దీనిని 5వ పాఠంలో వివరంగా చూద్దాము. ఈలోగా నేలమీద రెండు స్తంభాల మధ్య తాడు కట్టి, మధ్యలో మూడు చోట్ల ముడులను యాంకర్లుగా భావించి, చేతి తొడుగులు వేసుకుని కారబైనర్లు మార్చడం రోజూ సాధన చేయండి. ఆపై ఎడమ చేత్తో మాత్రమే చేయండి.