తీర్పు చదవడం నేర్చుకుందాం – 4: ప్రశ్న ఎక్కడుంది?

గత పాఠంలో తీర్పు మొదటి పేజీ చదివాం. అప్పీలుదారు ఎవరు, ప్రతివాది ఎవరు, కేసు ఏ కోర్టు నుంచి పైకి వచ్చింది, ధర్మాసనంలో ఎంతమంది ఉన్నారు అన్నవి గుర్తుపట్టడం వచ్చింది. ఈసారి అంతకంటే కష్టమైన పని: ఇన్ని పేరాల మధ్య కోర్టు నిజంగా జవాబిచ్చిన ప్రశ్న ఏదో పట్టుకోవాలి.

దీనికి సమత తీర్పును మించిన పాఠం నాకు కనిపించలేదు. అప్పటి విశాఖపట్నం జిల్లా అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల గ్రామాల్లో, ప్రభుత్వం ప్రైవేటు వారికి గనుల లీజులు ఇచ్చింది. అది షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. సమత అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. తీర్పు 1997 జూలై 11న వచ్చింది.

ఇప్పుడు ఒక కాగితం తీసుకొని, ఈ కేసులో ప్రశ్న ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి. రాశాకే ముందుకు చదవండి.

"గిరిజన ప్రాంతంలో గనులు తవ్వవచ్చా?" అని రాసి ఉంటే, మీరు పట్టుకున్నది కేసు వెనుక ఉన్న బాధను. ఆ బాధ నిజమైనదే. కానీ కోర్టు తలుపు తట్టేటప్పుడు బాధ చట్టంలోని ఏదో ఒక మాటను ఆసరా చేసుకొని రావాలి. ఇక్కడ ఆ మాట "వ్యక్తి". ఏజెన్సీలో 1/70 చట్టంగా అందరికీ తెలిసిన భూబదలాయింపు నిబంధనల 3వ సెక్షన్ ప్రకారం, అక్కడి భూమిని ఏ వ్యక్తి అయినా, తాను గిరిజనుడైనా కాకపోయినా, గిరిజనేతరుడికి బదిలీ చేస్తే అది చెల్లదు. మరి ఆ "వ్యక్తి"లో ప్రభుత్వం కూడా ఉందా? ఉంటే లీజులు చెల్లవు. లేకపోతే ప్రభుత్వ భూమికి ఆ నిషేధం వర్తించదు.

ఉందన్నారు జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ ఎస్. సగీర్ అహ్మద్. జస్టిస్ జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. ఇలా అభిప్రాయాలు చీలిన తీర్పు దొరికితే నేను అసమ్మతి తీర్పునే ముందు చదువుతాను. మెజారిటీ తీర్పు చరిత్ర, రాజ్యాంగ ఆశయాలు అన్నీ చెబుతూ సాగుతుంది. విభేదించిన న్యాయమూర్తి మాత్రం తనకు ఎక్కడ పొసగలేదో అక్కడే వేలు పెడతారు. ఆ వేలు చూపించే చోటే ప్రశ్న ఉంటుంది.

గనుల నికర లాభంలో కనీసం 20 శాతం గిరిజనుల అభివృద్ధికి నిధిగా పెట్టాలన్న మాట కూడా ఈ తీర్పులో ఉంది. విలువైన మాటే, కానీ మన ప్రశ్నకు జవాబు అది కాదు. దాన్ని వేరే కాగితం మీద రాసుకోండి.

ఈ జాగ్రత్త ఎందుకో, ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కోను ప్రైవేటుపరం చేయడంపై 2001 డిసెంబరులో వచ్చిన తీర్పు చూస్తే తెలుస్తుంది. ఛత్తీస్‌గఢ్ గిరిజన ప్రాంతంలోని భూమి విషయంలో సమత తీర్పును వాదనగా తెచ్చారు. ఆ మెజారిటీ తీర్పు సరైనదేనా అన్న విషయంలో తనకు గట్టి సందేహాలున్నాయని సుప్రీంకోర్టు అంది. అయినా దాన్ని రద్దు చేయలేదు. అది ఆంధ్రప్రదేశ్ నిబంధనలకు చెప్పిన అర్థమనీ, ఛత్తీస్‌గఢ్ భూమికి వర్తించే మధ్యప్రదేశ్ చట్టంలోని మాటలు వేరనీ పక్కన పెట్టింది. బొర్రా గిరిజనులను కాపాడిన జవాబు అక్కడివారికి అందలేదు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది. సమత ప్రశ్నను "గిరిజన ప్రాంతంలో గనులు" అని గుర్తుపెట్టుకున్నవారికి మాత్రం ఈ మలుపు ఎప్పటికీ అర్థం కాదు.

అభ్యాసం: షెడ్యూల్డ్ ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన జీవో 3ను, 2020 ఏప్రిల్ 22న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కొట్టివేసింది. అందులో కోర్టు తన ప్రశ్నలను తానే వరుసగా రాసుకుంది. వాటిని మీ మాటల్లో తిరగరాయండి. తర్వాత ఒక్కొక్క జవాబునూ తలకిందులు చేసి చూడండి. ఏ జవాబు మారితే జీవో నిలిచేదో దాని కింద గీత గీయండి. వచ్చే పాఠంలో లిఖితపూర్వక వాదనలను ఆ గీత దగ్గర నుంచే మొదలుపెడదాం.