ఇంట్లోనే క్రిస్మస్ – మూడో పాఠం: చీపురు పుల్లల నక్షత్రం

కిందటి రెండు పాఠాల్లో కాగితపు గొలుసు, మడతల పువ్వు చేశాం. కత్తెర, జిగురు ఉంటే సరిపోయింది. ఈసారి కాస్త చెయ్యి తిరగాలి. గుమ్మం ముందు వేలాడదీసి, లోపల లైటు పెడితే వెలిగే బొద్దు నక్షత్రం చేద్దాం.

డిసెంబరు వచ్చిందంటే విజయనగరంలో ఏ వీధిలో చూసినా డాబాల మీద స్టార్లు కనిపిస్తాయి. గంటస్తంభం బజారులో మడతలు విప్పితే స్టారయ్యే రకాలు దొరుకుతాయి. కొనడం తప్పేమీ కాదు, మేమూ కొన్నాం. కాకపోతే విప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత పిల్లలకి పనేమీ మిగలదు. ఇది చేయడానికి రెండు సాయంత్రాలు పడుతుంది. మొదటి రోజు పుల్లలు, రెండో రోజు కాగితం. ఒక్కరోజులో ముగించేద్దామని చూడకండి. సాయంత్రం ఏడు గంటలు దాటేసరికి పిల్లలు నీరసపడతారు, మనకి విసుగొస్తుంది, ఆఖరి ముడులన్నీ తిట్లతోనే పడతాయి.

మత్తయి సువార్త రెండో అధ్యాయంలో తూర్పు దేశపు జ్ఞానులు చూసిన నక్షత్రానికి గుర్తు ఇదని పిల్లలకి ఒక్క ముక్క చెప్పండి. దానికి ఎన్ని కొనలో అక్కడ రాయలేదు. మనం ఐదు పెట్టుకోవడానికి కారణం వేరే ఉంది. చెయ్యి ఎత్తకుండా ఒకే గీతలో గీయగలిగే చుక్క అది. రెండో తరగతి పిల్లలకి కూడా వచ్చు.

ముందు సరంజామా. కొబ్బరి ఈనెల చీపురు ఒకటి, కొత్తది. పాత చీపురు ఈనెలు ఎండిపోయి ఉంటాయి, వంచితే పుటుక్కున విరుగుతాయి. పైగా దుమ్ము. పూలు కట్టే నూలు దారం ఒక ఉండ. గాలిపటాల కాగితం మూడు షీట్లు. సంక్రాంతి దగ్గర పడుతుంది కాబట్టి ఈ రోజుల్లో దొరకడం కష్టం కాదు. పెన్సిలు లావున్న వెదురు పుల్ల ఒకటి. పొడుగు స్కేలు, సుద్దముక్క, స్కెచ్ పెన్ను.

మొదటిసారి ఇది చేసినప్పుడు ఇంట్లో వాడుతున్న చీపురే విప్పేశాం. మా అత్తగారు వాకిట్లోకి వచ్చి, "ఏటర్రా గుంటలూ, లచ్చిందేవిని ముక్కలు చేసేసినారు!" అన్నారు. ఆ రోజు నుంచి స్టారు చీపురు వేరు, ఊడ్చే చీపురు వేరు.

పది లావుపాటి ఈనెలు ఏరి, లావు చివర నుంచి 30 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా పొడుగు స్కేలంత, కత్తిరించండి. అరగంట నీళ్ళలో నానబెట్టండి. ఈలోపు మీరు వెదురు పుల్లని 6 సెంటీమీటర్ల ముక్కలుగా ఐదు కోసి, ప్రతి ముక్కకీ రెండు చివర్లా చిన్న గాడి పెట్టండి. కత్తి పని పెద్దవాళ్ళదే.

నానిన ఈనెలు తుడిచి, ప్రతిదానికీ స్కెచ్ పెన్నుతో రెండు గుర్తులు పెట్టించాలి. ఇటు చివర నుంచి 11.5 దగ్గర ఒకటి, అటు చివర నుంచి 11.5 దగ్గర ఒకటి. మధ్యలో 7 మిగలాలి. ఈ పాఠంలో దాటవేయకూడనిది ఇదొక్కటే. ఐదు కొనల చుక్కలో ప్రతి గీతనీ మిగతావి సరిగ్గా ఈ కొలతల్లోనే కోసుకుంటూ పోతాయి. గుర్తు మీద గుర్తు పడితే నక్షత్రం దానంతట అదే సమంగా వస్తుంది. కొలవకుండా కంటి అంచనాతో కడితే ఒక కాలు పొట్టిగా, ఒక చెయ్యి పొడుగ్గా వస్తుంది. ఎన్నిసార్లు విప్పి కట్టినా ఆ వంకర మారదు. ఇంకా పెద్ద స్టారు కావాలంటే పుల్ల పొడవుని 0.38తో హెచ్చవేస్తే చివర నుంచి గుర్తు ఎంత దూరమో వస్తుంది. తొమ్మిదో తరగతి పిల్లలుంటే ఆ లెక్క వాళ్ళకి వదిలేయండి. నక్షత్రంతో లెక్కలు నేర్పడం కొత్తేమీ కాదు. జర్మనీలోని నీస్కీ ఊళ్ళో మొరేవియన్లు అనే ప్రొటెస్టెంట్ శాఖ క్రైస్తవుల బడి ఉండేది. 1830లలో అక్కడ క్షేత్రగణితం పాఠంగానే పిల్లల చేత కాగితపు నక్షత్రాలు చేయించారు. అవి ఇప్పటికీ మొరేవియన్ స్టార్ల పేరుతోనే నడుస్తున్నాయి.

ఇప్పుడు నేల మీద సుద్దతో ఐదు కొనల చుక్క గీయండి. దాన్ని కాళ్ళూ చేతులూ చాపి నిలబడ్డ మనిషి అనుకోమనండి. తల, కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కుడి కాలు, ఎడమ కాలు. కుడి ఎడమలు చూసే మన వైపువే, బొమ్మవి కావు. ఇది ముందే చెప్పకపోతే తప్పకుండా గొడవ అవుతుంది.

తల నుంచి కుడి కాలికి మొదటి పుల్ల. కుడి చెయ్యి నుంచి ఎడమ కాలికి రెండోది, మొదటి దాని మీదుగా. కుడి కాలి నుంచి ఎడమ చేతికి మూడోది, రెండో దాని మీదుగా. ఎడమ కాలి నుంచి తలకి నాలుగోది, మూడో దాని మీదుగా. ఇక మిగిలింది ఎడమ చెయ్యి నుంచి కుడి చేతికి అడ్డపుల్ల. దీన్ని నాలుగో పుల్ల మీదుగా పోనిచ్చి, అవతల మొదటి పుల్ల కిందుగా దూర్చాలి. 'నుంచి' అన్న చోట ఈనె లావు చివర ఉండేట్టు చూసుకోండి. అప్పుడు ప్రతి కొన దగ్గరా ఒక లావు, ఒక సన్నం కలుస్తాయి, బరువు ఒక పక్కకి లాగదు.

ఆ ఆఖరి పుల్ల దూర్చిన క్షణం గమనించండి. అప్పటిదాకా జారిపోతున్న పుల్లలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. ప్రతి పుల్లా ఒకదాని మీద, ఇంకోదాని కింద ఉంటుంది కదా, బుట్ట అల్లికలో ఉన్న బిగువే ఇక్కడా ఉంది. దారం ఇంకా కట్టలేదు, అయినా ఎత్తితే లేస్తుంది. మా మేనకోడలు దాన్ని తల మీద పెట్టుకుని వీధంతా తిరిగొచ్చింది.

ఇక ముడులు. ఐదు కొనల దగ్గర ఐదు, లోపల గుర్తులు కలిసే చోట ఐదు. దారం తడిపి కట్టండి, ఆరాక బిగుస్తుంది. ఇటు ఏటవాలుగా రెండు చుట్లు, అటు ఏటవాలుగా రెండు చుట్లు, పుల్లల మధ్య నుంచి అడ్డంగా ఒక చుట్టు, ఆపైన ముడి. ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళు కడతారు. చిన్నవాళ్ళ చేత పుల్లలు పట్టించండి, పట్టుకోవడం కూడా పనే. పక్క పక్క కొనల మధ్య దూరం ఐదు చోట్లా పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు వస్తే మీ నక్షత్రం కుదిరినట్టు. అర సెంటీమీటరు అటూ ఇటూ అయితే వదిలేయండి. పిల్లాడు కట్టిన ముడి వాడు పడుకున్నాక విప్పి మళ్ళీ కట్టకండి. పొద్దున్నే కనిపెట్టేస్తాడు.

ఇలాంటిదే ఇంకొకటి కట్టి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొనలూ కలిపి కట్టేయండి. లోపలి ముడుల దగ్గర రెంటినీ విడదీస్తూ వెదురు ముక్కల్ని నిలబెట్టండి. గాడిలో ఈనె కూర్చోవాలి. ఈనెలు విల్లులా వంగి వెదురు ముక్కని తామే నొక్కి పట్టుకుంటాయి, అయినా ఒక ముడి వేయండి. ఈనెలు నానబెట్టింది ఈ వంపు కోసమే. ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్‌కి కట్టే పరోల్ అనే వెదురు నక్షత్రాలు కూడా ఇలా జంట చుక్కల మధ్య పుల్లలు నిలబెట్టి చేసేవే. మొదటి సాయంత్రం ఇంతటితో సరి.

రెండో రోజు జిగురుతో మొదలుపెట్టండి. రెండు పెద్ద చెంచాల మైదాని చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, ముప్పావు గ్లాసు నీళ్ళతో సన్నని మంట మీద తిప్పుతూ ఉంటే చిక్కబడి మెరుస్తుంది. చల్లారాక వాడాలి. పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలిపేవాళ్ళున్నారు. అది విషం, పిల్లలు వేళ్ళు నాకే పనిలో దాని పేరెత్తకండి. కలపకపోతే ఏమవుతుందంటారా? మా రెండో స్టారుని అటక మీద దాస్తే ఎలుకలు జిగురున్న అంచులన్నీ శుభ్రంగా తినేశాయి. ఈనెలు మాత్రం అలాగే ఉన్నాయి. మరుసటి ఏడు వాటికే కొత్త కాగితం వేశాం.

కాగితం మీద చట్రాన్ని పెట్టి చుట్టూ గీత గీసి, ఒకటిన్నర సెంటీమీటరు ఎక్కువ ఉంచి కత్తిరించండి. ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి. సందుల మూలల్లో చిన్న గాటు పెడితే అంచు మడత చక్కగా తిరుగుతుంది. పక్కలకి మిఠాయి బిళ్ళ ఆకారంలో, అంటే డైమండు ముక్కలు కావాలి. సందుకొకటి చొప్పున ఐదు సందులున్నా నాలుగే కత్తిరించండి. రెండు కాళ్ళ మధ్య సందు ఖాళీగా వదిలేయాలి, లైటు దూర్చేది అక్కడి నుంచే. మొదట పక్కల ముక్కలు అతికించి, ఆ తర్వాత ముందువీ వెనకవీ అతికించండి. ముడతలు పడితే కంగారు పడకండి, లైటు వేశాక అవి కనిపించవు.

లైటంటే బ్యాటరీతో నడిచే చిన్న ఎల్ఈడీ సీరియల్ సెట్టు. కొవ్వొత్తి వద్దు, పాతకాలపు వేడెక్కే బల్బు అసలే వద్దు. గాలిపటం కాగితానికి నిప్పు అంటుకోవడం ఎంతసేపు!

తల కొన దగ్గర దారం కట్టి వరండాలోనో సన్‌షేడ్ కిందో వేలాడదీయండి. ఆరుబయట కడితే మన పొద్దుటి మంచుకి మైదా జిగురు మెత్తబడి కాగితం ఊడి వస్తుంది. మా మొదటి స్టారు అలా మూడో రోజుకే గోచీ కట్టుకున్నట్టు వేలాడింది.

వచ్చే పాఠం సరుగుడు కొమ్మతో క్రిస్మస్ చెట్టు. భోగాపురం వైపో కళింగపట్నం వైపో వెళ్ళే పనుంటే సరుగుడు తోటల కింద రాలిన కాయలు ఒక సంచీడు ఏరి తెండి. బొటనవేలి గోరంత ఉంటాయి, గరుకుగా ఉంటాయి. రెండు రోజులు ఎండలో పెట్టి గింజలు దులిపేయండి. రంగు మాత్రం ఇప్పుడే వేయకండి.